వేపాకు కషాయం కాంక్రీటులోని ఇనుమును కాపాడుతుందా, స్లాబును చెడగొడుతుందా?

బోడుప్పల్ గృహస్థు:
వచ్చే పక్షంలో మా ఇంటి మొదటి అంతస్తు స్లాబు పోయబోతున్నాము. మా నాన్నగారు ముప్పయ్యేళ్ల కిందట కట్టించిన పాత ఇంట్లో కిటికీల మీది సజ్జలన్నీ పెచ్చులూడి, లోపలి ఊచలు పొరలుపొరలుగా రాలే తుప్పుతో బయటపడ్డాయి కాబట్టి, ఈ ఇంటికి ఆ గతి పట్టకూడదన్నది నా ఆరాటం. కాంక్రీటు కలిపే నీళ్లలో వేపాకు, కరక్కాయ కాచిన కషాయం పోస్తే తుప్పు దరిచేరదనీ, పరిశోధకులు కూడా ఇదే చెబుతున్నారనీ మా బావగారు పట్టుబడుతున్నారు. మేస్త్రి మాత్రం "కషాయం పోస్తే నా పూచీ లేదు సార్" అని తెగేసి చెప్పాడు. మా బోరు నీళ్లలో క్లోరైడు లీటరుకు 780 మిల్లీగ్రాములు ఉన్నట్లు పరీక్షలో తేలింది. ఎవరి మాట వినమంటారు?

పాతకాపు:
మేస్త్రి మాట వినండి. నలభై ఏళ్లు సైట్ల మీద గడిపినవాడిగా చెబుతున్నాను, ఇనుముకు కాంక్రీటే మొదటి మందు. సిమెంటు నీళ్లతో కలిసినప్పుడు పుట్టే సున్నమూ ఇతర క్షారాలూ లోపలి తేమ పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాల కొలమానం; 7కు పైన క్షారం) 12.5కు పైన నిలబెడతాయి, ఆ క్షారంలో ఊచ మీద కంటికి కనిపించని పలుచని ఆక్సైడు పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి ఇంకి పీహెచ్ 9 దిగువకు పడిపోయినప్పుడో, ఉప్పులోని క్లోరైడు చేరి ఆ పొరకు తూట్లు పొడిచినప్పుడో మాత్రమే తుప్పు మొదలవుతుంది. తుప్పు తాను తినేసిన ఇనుము కన్నా రెండింతల నుంచి ఆరింతల చోటు ఆక్రమిస్తుంది, పెచ్చులు ఊడేది ఆ ఒత్తిడికే.

సముద్రానికి ఇంత దూరంలో ఉన్న హైదరాబాదులో నేను చూసిన పాత సజ్జల్లో ఎక్కువ భాగం మొదటి కారణంతోనే పాడయ్యాయి. ఒకసారి అలాంటి సజ్జను పగలగొట్టి, ఆ తాజా ముఖం మీద ఫినాల్ఫ్తలీన్ చల్లి చూశాను. క్షారం మిగిలిన చోట గులాబీ రంగు రావాలి. అడుగు నుంచి ఊచ దాకా రంగన్నదే లేదు, ఊచను దాటాక గాని గులాబీ కనబడలేదు. ఊచ కింద కవరు, అంటే ఊచను కప్పి ఉంచే కాంక్రీటు మందం, ఎంతో తెలుసా? ఎనిమిది మిల్లీమీటర్లు! ఆ కవరుకు ఏ కషాయం పోసి ఏం లాభం?

కెమిస్ట్రీ మేడమ్:
పాతకాపు గారూ, కవరు విషయంలో మీతో ఏకీభవిస్తాను గాని, కషాయాన్ని చిట్కా వైద్యంగా తీసిపారేయడం న్యాయం కాదు. వేప, కరక్కాయ, తేయాకు వంటి వాటిలోని టానిన్లు, పాలీఫినాళ్లు ఇనుము ఉపరితలాన్ని అంటిపెట్టుకుంటాయి, ఇనుము అయాన్లతో కలిసి కరగని నల్లటి టానేటుగా మారుతాయి. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు బట్టను ముందుగా కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెట్టి, తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెట్టిన కసిమితో గీత గీయగానే అది నల్లబడేది ఈ చర్య వల్లే. సున్నపు నీటిలో ఉప్పు కలిపి చేసిన ప్రయోగాల్లో కూడా కొన్ని కషాయాలు తుప్పు వేగాన్ని తగ్గించాయి.

పైగా తుప్పు పట్టకుండా కాంక్రీటులో కలపడానికి 1970ల నుంచి వాడుకలో ఉన్న కాల్షియం నైట్రైటు అనే రసాయనానికీ లోపాలు లేకపోలేదు. లోపలికి చేరే క్లోరైడుకు తగినంత మోతాదు లేకపోతే అది పనిచేయదు, కరిగి బయటకు పోతే నీటికి మంచిది కాదు. దానికి ప్రత్యామ్నాయం వెతకడం తప్పెలా అవుతుంది?

సున్నం బట్టీ:
1591లో కట్టిన చార్మినార్ డంగు సున్నంతో నేటికీ నిలబడి ఉంది. సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం కలపడం మన పెద్దలకు తెలిసిన విద్యే కదా?

పాతకాపు:
ఆ విద్యను కాదనడం లేదు. కానీ చార్మినార్ ఊచల మీద ఆధారపడిన కట్టడం కాదు, అక్కడ తుప్పు ప్రశ్నే తలెత్తదు. సున్నం నెలలూ ఏళ్లూ తీసుకుని గట్టిపడుతుంది కాబట్టి బెల్లాన్ని ఓర్చుకుంటుంది, సిమెంటు ఓర్చుకోదు. సిమెంటు బరువులో 0.05 శాతం చక్కెర చేరితే చాలు, గట్టిపడటం సుమారు నాలుగు గంటలు ఆలస్యమవుతుంది. అంటే 50 కిలోల బస్తాకు 25 గ్రాములు, నా టీ కప్పులో పడే చక్కెరకు కాస్త ఎక్కువ! ఇంకా పెంచితే అసలు గట్టిపడకపోవచ్చు. ఆకుల కషాయంలో చక్కెరలూ ఉంటాయి, టానిన్లు కూడా సెట్టింగును ఆలస్యం చేసేవే. ఏ నెలలో కోసిన ఆకులో ఏది ఎంత ఉందో కొలిచేదెవరు?

మేడమ్ గారికి ఒక ప్రశ్న. మొక్కల రసాల మీద వచ్చిన ప్రయోగాల్లో అత్యధికం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచిన ఇనుము మీద చేసినవి కావా? ఆమ్లంలో గెలిచిన మందు పీహెచ్ 13లో గెలుస్తుందని ఎలా నమ్మాలి?

కెమిస్ట్రీ మేడమ్:
ఆ మాట ఒప్పుకుంటాను. గాఢమైన క్షారంలో పాలీఫినాళ్లు గాలి తగిలితే త్వరగా ఆక్సీకరణం చెంది గోధుమరంగుకు తిరుగుతాయి, ఆ తరువాత వాటి రక్షణ ఎంతకాలం నిలుస్తుందన్నదే ఈ రంగంలో అసలు చిక్కు. ఏ మిశ్రమాన్నైనా, కాంక్రీటులో కలిపే పదార్థాలకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 9103 ప్రకారం కషాయం లేని కాంక్రీటుతో పోల్చి, గట్టిపడే సమయమూ బలమూ చూడకుండా స్లాబులో పోయమని నేనూ చెప్పను. ఊచ పెట్టిన దిమ్మెలు పోసి, ఉప్పునీటిలో నానబెడుతూ ఆరబెడుతూ, రాగి-రాగి సల్ఫేటు ఎలక్ట్రోడుతో ఊచ విద్యుత్ పొటెన్షియల్ చూడాలి. అది మైనస్ 350 మిల్లీవోల్టులను దాటి ఇంకా రుణాత్మకమైతే తుప్పు పట్టే అవకాశం 90 శాతానికి పైగా ఉన్నట్లు లెక్క. ఇవి నెలల తరబడి సాగే పరీక్షలు.

ఇక బోరు నీళ్ల గురించి కూడా కంగారు అక్కర్లేదేమో. ఘనమీటరుకు 180 లీటర్లు వాడితే ఆ నీటి ద్వారా చేరే క్లోరైడు సుమారు 140 గ్రాములు, కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 అనుమతించే మొత్తం 600 గ్రాములు.

పాతకాపు:
లెక్క సరైనదే, కానీ అదే ఐఎస్ 456 ఊచలున్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదంటుంది. ఆ 600 గ్రాములలో ఇసుకా కంకరా తెచ్చే వాటా కూడా కలిసే ఉంటుంది. పైగా క్యూరింగు పేరిట వారాల తరబడి స్లాబు మీద మళ్లీ నిలబెట్టేది ఆ బోరు నీళ్లే. మంచినీళ్ల ట్యాంకరు తెప్పించుకోండి, కలపడానికీ తడపడానికీ అవే వాడండి. ఐఎస్ 456 సాధారణ పరిస్థితులకు 20, మధ్యస్థ పరిస్థితులకు 30 మిల్లీమీటర్ల కవరు చెబుతుంది. స్లాబు వానకూ ఎండకూ గురవుతుంది కాబట్టి 30కి తగ్గకుండా కవరు బ్లాకులు పెట్టించండి, కంకర రాళ్లు పెట్టి సరిపెడితే ఊరుకోకండి. పోసేటప్పుడు కూలీలు ఇనుము తొక్కి కిందికి దించకుండా దగ్గరుండి చూసుకోండి.

కెమిస్ట్రీ మేడమ్:
స్లాబు వరకు ఆయన చెప్పినట్లే చేయండి. పాత సజ్జల ఊచలకు మాత్రం, వైరు బ్రష్షుతో తుప్పు గీకించి, టానిక్ ఆమ్లం ఉన్న తుప్పు కన్వర్టరు, అంటే మిగిలిన తుప్పును నల్లటి టానేటు పొరగా మార్చే పూత, పూయించమంటాను. అది కూడా మొక్కల నుంచి వచ్చిన పదార్థమే.

పాతకాపు:
పైన సిమెంటు మోర్టారు పడితే ఆ క్షారంలో మీ నల్లపొర నిలుస్తుందని నాకు నమ్మకం లేదు. పాడైన ఊచలు మార్చి, సిమెంటు-పాలిమర్ పూత వేయించడమే మేలు.

బోడుప్పల్ గృహస్థు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ రోజు 30 మిల్లీమీటర్ల కవరు బ్లాకులు తెచ్చాను, పోసే రోజుకు ట్యాంకరు మాట్లాడాను. స్లాబు రోజున అదే మాలుతో, ఊచ పెట్టి రెండు దిమ్మెలు విడిగా పోయించి, ఒకదానిలో మాత్రం బావగారి కషాయం కలిపిస్తాను. మేడమ్ గారు అనుమతిస్తే వాటిని ల్యాబులో అప్పగిస్తాను. సజ్జల సంగతి మీ ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చాక ముట్టుకుంటాను.