అప్‌డేట్: మెష్ జాకెట్టే తీసుకున్నాను

కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి రోజూ బైక్ మీద వెళ్లడానికి మెష్ (గాలి ఆడే జాలీలాంటి బట్ట) రైడింగ్ జాకెట్ మంచిదా, మందపాటి టెక్స్‌టైల్‌ది మంచిదా అని మేలో అడిగాను కదా. మెష్‌దే తీసుకున్నాను. భుజాలకి, మోచేతులకి లెవెల్ 2 (దెబ్బని ఎక్కువగా ఆపే రకం) ప్యాడ్లు వచ్చాయి. వీపులో మాత్రం ఉత్త స్పాంజి ముక్క! అది తీసేసి, ఈఎన్ 1621-2 (వీపు ప్యాడ్లకి యూరప్ భద్రతా ప్రమాణం) అని రాసి ఉన్న ప్యాడ్ విడిగా కొని పెట్టాను.

బండి కదులుతుంటే ఎండలోనూ హాయిగానే ఉంది, సిగ్నల్ దగ్గర ఆగితే ఉడికిపోవడమే. లోపలి రెయిన్ లైనర్ (వాన నీళ్లు దిగకుండా ఆపే పొర) దండగ. ఒళ్లు తడవదు కానీ పైబట్ట నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, సాయంత్రానికీ ఆరదు. అందుకే జాకెట్ మీద వేసుకునేలా ఒక సైజు పెద్ద రెయిన్‌కోటు కొన్నాను.

ప్యాంటు సంగతే ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి మామూలు జీన్స్ మీద మోకాళ్లకి గార్డులు కట్టుకుని నెట్టుకొస్తున్నాను. మా ఆవిడ రోబో అంటోంది.