పలాస జీడి తోటలు చూడాలంటే ఎప్పుడు రావాలి?

ప్రశ్న (విజయనగరం నుంచి):
సెలవొస్తే అరకు, లేదంటే లంబసింగి. ఆ రద్దీతో విసుగొచ్చేసింది. ఈసారి ఎవరూ పెద్దగా వెళ్ళని చోటికి పోదామనుకుంటున్నాం. చెట్టు మీద జీడిపండు చూడాలని పిల్లల గోల. పలాస వైపు వస్తే తోటల్లోకి రానిస్తారా? ఏ నెల మంచిది? అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేదు. టెక్కలి దగ్గరి తేలినీలాపురం పక్షులు కూడా అదే ట్రిప్పులో చూసేస్తే బాగుణ్ణు.

జవాబు (కాశీబుగ్గ నుంచి):
రైల్లో రండి, అమ్మగారికి అదే సుఖం. ఎక్స్‌ప్రెస్ అయితే సుమారు రెండు గంటలు. పలాస, కాశీబుగ్గ అని రెండు పేర్లు విని కంగారు పడకండి, రెండూ కలిసి ఒకే మున్సిపాలిటీ.

ఊళ్ళో చూడ్డానికి ఏమీ లేదని ముందే చెప్పేస్తున్నా. జీడి ఫ్యాక్టరీలు, లారీలు, దుమ్ము. మీరు చూడాల్సింది ఉద్దానం, అంటే ఈ చుట్టుపక్కల తోటల ప్రాంతం. వజ్రపుకొత్తూరు వైపో మందస వైపో ఒక పూటకి ఆటో మాట్లాడుకోండి. రోడ్డు పక్కనే తోటలుంటాయి, అమ్మగారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు.

కాపు మార్చి నుంచి మే దాకా. ఏప్రిల్లో అయితే పొద్దున్నే ఏడింటికల్లా తోటలో ఉండాలి, తొమ్మిది దాటితే ఎండకి నిలబడలేరు. ఆ వేళకి రాలిన పండ్లు ఏరుతూ ఉంటారు. పండుని చేత్తో మెలిపెట్టి, దాని కింద వేలాడే పిక్క (పప్పు ఉండేది అందులోనే) ఊడదీసి గోనెలో వేస్తారు, పండ్లు చాలావరకు చెట్టు కిందే వదిలేస్తారు. ఎర్రవీ పసుపువీ కలిసి కుప్పలు, చుట్టూ ఈగలు, పులిసిన వాసన. పిల్లలకి అదే నచ్చుతుంది చూడండి.

అడిగితే రెండు పండ్లు ఇస్తారు, అడక్కుండా మాత్రం చెట్టు మీద చెయ్యి వెయ్యకండి. ఎనభై కిలోల బస్తా లెక్కన పిక్కలు అమ్ముకుని బతికే ఇళ్ళు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పడిపోయిన తోటల్లో మళ్ళీ మొక్క వేసి, కాపు కోసం ఏళ్ళు ఆగినవాళ్ళున్నారు.

పండు రసం బట్టల మీద పడితే మరక పోదు, పిల్లలకి పాత చొక్కాలు వెయ్యండి. వట్టిగా తింటే గొంతు పట్టేస్తుంది, కాస్త ఉప్పు అద్దుకోవాలి. పచ్చి పిక్కని మాత్రం కొరకనివ్వకండి. దాని పెంకులో ఉండే నూనె తగిలితే పెదాలు బొబ్బలెక్కుతాయి.

జవాబు (టెక్కలి నుంచి):
పక్షులూ పండ్లూ రెండూ కావాలంటే మార్చి మొదట్లోనే రండి. పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు ఆ నెల దాటితే వెళ్ళిపోతాయి. తేలినీలాపురానికి నౌపడ స్టేషన్ దగ్గర, పలాస దాకా వెళ్ళి వెనక్కి రానక్కర్లేదు.

జవాబు (సోంపేట నుంచి):
నేనొప్పుకోను. మార్చి మొదట్లో జీడి అప్పుడప్పుడే మొదలవుతుంది, పక్షులు పల్చబడుతుంటాయి. రెండూ సగం సగమే. పిల్లలు అడిగింది పండ్లు కదా, ఏప్రిల్లోనే రండి, పక్షుల్ని డిసెంబరుకి ఉంచుకోండి. సాయంత్రం బారువ బీచికి వస్తే లైట్‌హౌస్, ఇసుక, గాలి, అంతే. జనం ఉండరు. సముద్రంలోకి మాత్రం దిగకండి.

ప్రశ్న (విజయనగరం నుంచి):
సరే, ఏప్రిల్లోనే. పప్పు కొనేటప్పుడు ఏం చూడాలి? ఫ్యాక్టరీ లోపలికి రానిస్తారా?

జవాబు (కాశీబుగ్గ నుంచి):
తెలిసినవాళ్ళు చెబితే రానిస్తారు, లేకపోతే కష్టం. పెంకు కొట్టే చోట, పొట్టు తీసే చోట ఆడవాళ్ళు పనిలో ఉంటారు, అడక్కుండా ఫోటోలు తియ్యకండి.

కొట్లో 240, 320 అంటారు. ఒక పౌనుకి, అంటే 454 గ్రాములకి, ఎన్ని గుండ్లు (విరగని పప్పులు) తూగుతాయో ఆ లెక్క. అంకె తగ్గితే గుండు పెద్దది, ధరా ఎక్కువే. పాయసానికి, ఉప్మాకి గుండ్లు దండగ, బద్దలు కొనుక్కోండి, రుచి ఒకటే. కొనేముందు ఒకటి విరిచి చూడండి. టక్కున విరగాలి, మెత్తగా వంగితే చెమ్మ పట్టినట్టే. పొట్లం విప్పి వాసన చూస్తామంటే వద్దనే కొట్లో కొనకండి.

పిల్లలు సరదాపడి పచ్చి పిక్కలు ఇంటికి తెచ్చుకుంటామంటారు. తేకండి. పెనం మీద కాలిస్తే ఆ నూనె భగ్గున మండుతుంది, పొగకి కళ్ళు మంటలెత్తుతాయి, అపార్ట్‌మెంట్లో అసలు కుదరదు.