పొరల నడుమ “చొచ్చి”నా, “చొన్పి”నా?

నల్లగొండ: అతివాహకత్వం (బాగా చల్లబరిస్తే కరెంటు ఏ నిరోధం లేకుండా పారడం) పాఠంలో మా డిగ్రీ సారు బోర్డు మీద రాసే పాదం “పొరల నడుమఁ జొచ్చి పొటాషియము...” దాకానే గుర్తుంది. తర్వాత ఏముందో ఎవరికైనా తెలుసా?

పాలమూరు: తర్వాతిది అటుంచండి. అది “జొచ్చి” కాదు, “జొన్పి” అయ్యుంటుంది. చొచ్చడమంటే తనంతట తాను పోవడం, చొన్పడమంటే మనం దూర్చడం. ల్యాబ్‌లో పొటాషియం తనంతట పోతుందా?

దేవరకొండ: ఎందుకు పోదు తమ్ముడూ? గాలి తగలకుండా గ్రాఫైట్‌తో కలిపి వేడి చేస్తే ఆవిరి దానంతటదే గ్రాఫైట్ పొరల సందుల్లో దూరుతుంది, నల్లటి గ్రాఫైట్ కంచు రంగుకు తిరుగుతుంది. ఎనిమిది కార్బన్లకు ఒక పొటాషియం. 1965లోనే దాంట్లో అతివాహకత్వం చూశారు, కాకపోతే 1 కెల్విన్ (సుమారు మైనస్ 272 డిగ్రీల సెల్సియస్) కంటే కింద.

మిర్యాలగూడ: “చొ” సంధిలో “జొ” అయిన సరళాదేశం సరే, నా గొడవ అర్థంతో. పొరల్లో పొటాషియం చేరడమంటే తాండూరు బండల నడుమ ఇసుక పోసినట్టు అని అందరూ చెప్తారు గానీ ఇసుక బండకు ఏమిస్తుంది? పొటాషియం ఎలక్ట్రాన్ ఇస్తుంది. పొరల పదార్థమైన ఐరన్ సెలెనైడ్ ఒక్కటే ఉంటే అతివాహకత్వం 8 కెల్విన్ దగ్గర, 2010లో పొటాషియం చేరినదాంట్లో 30 దాకా పోయింది. అందుకే రెండో పాదంలో “ఇచ్చి” ఉండి ఉంటుంది, “జొచ్చి”తో పలుకు కూడా కలుస్తుంది.

పాలమూరు: మరి నీళ్లు ఏమిస్తాయి అక్కా? 2003లో జపాన్ వాళ్లు సోడియం కోబాల్టేట్ పొరల్లోకి నీళ్లు పంపాకే అది 5 కెల్విన్ దగ్గర అతివాహకం అయింది, ఆ నీళ్లు పోతే అదీ పోతుంది. నీళ్లు ముఖ్యంగా చేసింది పొరలను ఎడం చేయడమే. పైగా ముందు బ్రోమిన్‌తో కొంత సోడియం బయటికి లాగారు. ఇంత పని మనిషి చేశాక “చొన్పి” కాదా?

దేవరకొండ: అసలు ఇలా పొరల నడుమ వేరే పదార్థం చేరే ఇంటర్‌కలేషన్‌కు “పొరోపగతం” అందాం. పోతన “సర్వోపగతుండు” అనలేదా?

మిర్యాలగూడ: సారూ, అది వైరి సమాసం! పొరకు సంస్కృతంలో స్తరం, “స్తరోపగతం” అనండి, పోతన గారి పేరు చెప్పి పొరను సంస్కృతానికి అంటించకండి.

పాలమూరు: ఉపగతుడంటే వచ్చి చేరినవాడు గదా. చక్రి ముందే ఉన్నవాడాయె. కందంలో గణం కోసం వేసిన మాటేమో!

దేవరకొండ: ఏమన్నా అను గానీ పోతన గణం కోసం మాట వేశాడంటే మాత్రం ఊరుకోను తమ్ముడూ. హరి స్తంభంలో ముందే ఉన్నాడా, పిలిస్తే వచ్చి చేరాడా, వేరే పోస్టు పెట్టు, అక్కడ తేల్చుకుందాం.