బ్యాకప్ కోసం చవక ఎస్‌ఎస్‌డీని నమ్మవచ్చా?

తాళపత్రం:

కుటుంబ ఫోటోలు, వీడియోలు, మా నాన్నగారి పాత ఉత్తరాల స్కాన్‌లు కలిపి నా దగ్గర సుమారు 500 జీబీ ఉన్నాయి. వీటిని ఉంచిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ వారం రోజులుగా, తెరుచుకునే ముందు టక్ టక్‌మని శబ్దం చేస్తోంది. ఫైళ్లు ఇంకా తెరుచుకుంటున్నాయి గానీ దాని మీద భరోసా పోయింది. దాని స్థానంలో 1 టీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లేలకు బదులు మెమరీ చిప్‌లలో డేటా దాచే డ్రైవ్) కొనాలని ఉంది, అయితే ఖరీదైన రకాలు నా స్థోమతకు మించినవి. ఇంతలో ఒక మిత్రుడు, "కరెంటు ఇవ్వకుండా పక్కన పెడితే ఎస్‌ఎస్‌డీలో డేటా ఏడాదిలో చెరిగిపోతుంది" అని చెప్పి నన్ను ఆలోచనలో పడేశాడు. బ్యాకప్‌కు ఎస్‌ఎస్‌డీ అసలు తగినదేనా? తగినదైతే చవకవాటిలో ఏయే లక్షణాలు చూసి కొనాలి?

ఇనుపపెట్టె:

తాళపత్రం గారూ, చర్చ సంగతి తరువాత చూద్దాం, ముందు ఆ శబ్దం చేస్తున్న డిస్క్ నుంచి ఈ రోజే నకలు తీయండి. వరుసగా అన్నీ ఒకేసారి లాగకుండా, మళ్లీ ఎక్కడా దొరకనివి, అంటే ఉత్తరాల స్కాన్‌లు, మొదట తీయండి. పెద్ద వీడియోలు చివరికి ఉంచండి.

ఇక మీ ప్రశ్నకు నా సమాధానం సూటిగా చెబుతాను. అలమరలో పెట్టి మరచిపోయే నకలుకు ఎస్‌ఎస్‌డీ తగదు. ఎస్‌ఎస్‌డీలోని చిప్‌లు ఫ్లాష్ మెమరీ రకం, అందులోని ఒక్కో సెల్‌లో (చిన్న గదిలో) డేటా అంటే బంధించి ఉంచిన విద్యుదావేశమే, అది కాలం గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా జారిపోతూ ఉంటుంది. హార్డ్ డిస్క్ పళ్లెం మీది అయస్కాంత ముద్రకు కరెంటుతో పని లేదు. పైగా అదే డబ్బుకు హార్డ్ డిస్క్‌లో ఎక్కువ స్థలం వస్తుంది కాబట్టి, పాత నకళ్లను చెరపకుండా కొత్తవి చేర్చుకుంటూ పోవచ్చు.

లెక్కలమాస్టారు:

ఆవేశం జారిపోతుందన్న మాట నిజమే. "ఏడాదిలో చెరిగిపోతుంది" అన్నది మాత్రం సగం చదివిన ప్రమాణం. మెమరీ చిప్‌ల ప్రమాణాలను నిర్ణయించే జెడెక్ సంస్థ రూపొందించిన జేఈఎస్‌డీ218 అనే ప్రమాణం ప్రకారం, సాధారణ వినియోగదారుల ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల సెల్సియస్ వద్ద కనీసం ఏడాది పాటు డేటాను నిలుపుకోవాలి. అయితే ఆ ఏడాది లెక్క కొత్త డ్రైవ్‌కు చెప్పినది కాదు. తయారీదారు ప్రకటించిన రాత పరిమితి మొత్తం ఖర్చయిపోయి, సెల్స్ బాగా అరిగిపోయిన డ్రైవ్ సైతం దాటవలసిన కనీస గీత అది. 2015లో ఈ ప్రమాణాన్ని వివరించే ఒక పట్టికను తప్పుగా చదివి, ఎస్‌ఎస్‌డీలు కొద్ది రోజుల్లోనే డేటాను పోగొట్టుకుంటాయన్న వార్తలు చాలా చోట్ల వచ్చాయి. ఆ భయం ఇప్పటికీ అలాగే చేతులు మారుతోంది. ఆ పట్టికలో నిజంగా గమనించవలసినది వేడి. భద్రపరిచిన చోట ఉష్ణోగ్రత 5 డిగ్రీలు పెరిగినప్పుడల్లా నిలుపుకునే గడువు దాదాపు సగానికి పడిపోతుంది. కాబట్టి ఎండ తగిలే అటక, కారు డ్యాష్‌బోర్డు, ఎప్పుడూ వేడిగా ఉండే యంత్రం పక్కన ఉన్న సొరుగు ఎస్‌ఎస్‌డీకి మంచి చోట్లు కావు.

రాత పరిమితి గురించి కూడా చాలామంది అనవసరంగా దిగులు పడతారు. 1 టీబీ ఎస్‌ఎస్‌డీకి 360 టీబీడబ్ల్యూ అని ఉంటే, 360 టెరాబైట్ల వరకు రాయవచ్చని అర్థం. మీరు వారానికి 200 జీబీ చొప్పున కొత్తగా రాసినా ఏడాదికి 10.4 టీబీ అవుతుంది, అంటే ఆ పరిమితి చేరడానికి 34 ఏళ్లకు పైగా పడుతుంది. బ్యాకప్ డ్రైవ్ అరిగిపోయి చనిపోవడం చాలా అరుదు.

చవక రకాల్లో అసలు తేడా వచ్చేది సెల్‌లో ఎన్ని బిట్లు కుక్కారన్న దగ్గర. టీఎల్‌సీ రకంలో ఒక్కో సెల్‌లో 3 బిట్లు ఉంటాయి, అంటే 8 ఆవేశ స్థాయిలను వేరు చేసి చదవాలి. క్యూఎల్‌సీలో 4 బిట్లు, కాబట్టి 16 స్థాయిలు. మెట్ల మధ్య ఎడం తగ్గినకొద్దీ, కొద్దిగా ఆవేశం జారినా ఒక మెట్టును మరొక మెట్టుగా పొరబడే వీలు పెరుగుతుంది. వేగం కూడా దెబ్బతింటుంది. ఉదాహరణకు శామ్‌సంగ్ 870 క్యూవీఓ 1 టీబీ డ్రైవ్‌లో మొదటి 42 జీబీ వేగవంతమైన క్యాష్‌లోకి (తాత్కాలికంగా రాసుకునే చోటికి) వెళుతుంది, అది నిండాక రాత వేగం సెకనుకు 80 ఎంబీకి పడిపోతుందని తయారీదారే ప్రకటించారు. మీ 500 జీబీ మొదటిసారి రాయడానికి సుమారు గంటన్నరకు పైగా పడుతుంది, అంటే మామూలు హార్డ్ డిస్క్ కన్నా ఆలస్యం. అదే కంపెనీ టీఎల్‌సీ రకం 870 ఈవీఓ 1 టీబీకి 600 టీబీడబ్ల్యూ ఇవ్వగా, క్యూవీఓకు 360 మాత్రమే ఇచ్చింది.

అడవిమల్లె:

హార్డ్ డిస్క్ పక్షం వహించేవారు ఒక్క విషయం దాటవేస్తున్నారు. నా పాత హార్డ్ డిస్క్ పని చేస్తుండగా బల్ల మీద నుంచి, మోకాలి ఎత్తు నుంచే, కింద పడింది. మళ్లీ తెరుచుకోలేదు. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలు లేవు కాబట్టి, ఒక చోటి నుంచి మరొక చోటికి మోసుకుపోయే నకలుకు అదే మేలని నా నమ్మకం.

అయితే చవకలోనూ ఒక హద్దు ఉంది. ఆ తరువాత నేను పేరు ఎరుగని ఒక డ్రైవ్‌ను, పెట్టె మీద చాలా పెద్ద సామర్థ్యం రాసి ఉందన్న ఆశతో కొన్నాను. కాపీ ఎక్కడా ఆగకుండా పూర్తయింది, ఫోల్డర్‌లో పేర్లన్నీ కనిపించాయి. నెల తరువాత మా పాప మొదటి పుట్టినరోజు ఫోటోలు తెరిస్తే కొన్నింటిలో పై సగం బాగానే ఉండి, కింది సగం బూడిదరంగు పట్టీగా వచ్చింది. మిగతావి అసలు తెరుచుకోలేదు. లోపల ఉన్నది చిన్న చిప్, లేని సామర్థ్యాన్ని ఉన్నట్లు కంప్యూటర్‌కు చెప్పేలా దాన్ని మార్చారు. స్థలం నిండాక వచ్చినది వచ్చినట్లు పాతదాని మీదనే రాసింది. కాబట్టి ఏ డ్రైవ్ కొన్నా, ఒక్క ఫైలు కూడా పెట్టకముందే విండోస్‌లో హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్‌తో గానీ, లినక్స్, మ్యాక్‌లలో ఎఫ్3 అనే ప్రోగ్రామ్‌తో గానీ చివరి వరకు నింపి, తిరిగి చదివించి చూడండి. కొన్ని గంటలు పడుతుంది. అయినా చేయండి.

ఇనుపపెట్టె:

అడవిమల్లె గారూ, మీకు జరిగింది చదివి బాధ కలిగింది. కింద పడితే హార్డ్ డిస్క్ నిలవదన్నది ఒప్పుకుంటాను. అయినా మాస్టారు గారి లెక్కలో నాకు ఒక అభ్యంతరం ఉంది. మనం కాగితం మీద టీఎల్‌సీ అని చదివి కొంటాం, లోపల ఏముందో ఎవరు చూశారు? క్రూషియల్ కంపెనీ పీ2 ఎస్‌ఎస్‌డీ మొదట టీఎల్‌సీతో వచ్చి, తరువాత అదే పేరుతో క్యూఎల్‌సీకి మారిన సంగతి 2021లో బయటపడింది. పేరున్న కంపెనీ డ్రైవ్‌లోనే ఇలా జరిగితే, చవక రకాల సంగతి చెప్పాలా?

ఇంకొకటి. హార్డ్ డిస్క్ చాలాసార్లు చెప్పి చస్తుంది. మీరు విన్న టక్ టక్ శబ్దమే అందుకు సాక్ష్యం. ఎస్‌ఎస్‌డీ కంట్రోలర్ (లోపలి చిప్‌లను నడిపించే చిప్) పాడైతే నిన్నటి వరకు ఉన్న డ్రైవ్ ఈ రోజు కంప్యూటర్‌కు అసలు కనిపించదు. పొరపాటున చెరిపిన ఫైలును ట్రిమ్ ఆదేశం (చెరిపిన చోటు ఇక అక్కరలేదని కంప్యూటర్ ఎస్‌ఎస్‌డీకి చెప్పేది) నిజంగానే తుడిచేస్తే, దాన్ని వెనక్కి తెచ్చుకునే దారి దాదాపు ఉండదు.

లెక్కలమాస్టారు:

లోపలి భాగాలు మార్చే విషయంలో మీరన్నది పూర్తిగా నిజం, నా దగ్గర దానికి జవాబు లేదు. అయితే హార్డ్ డిస్క్‌ల తయారీదారులు కూడా ఆ తప్పుకు అతీతులు కారు. డబ్ల్యూడీ (వెస్టర్న్ డిజిటల్) కంపెనీ కొన్ని రెడ్ రకం హార్డ్ డిస్క్‌లలో, తిరగరాతకు నెమ్మదిగా ఉండే ఎస్‌ఎంఆర్ పద్ధతిని చెప్పకుండా వాడిన సంగతి 2020లో వెలుగులోకి వచ్చింది. కంట్రోలర్ హఠాత్తుగా పాడవడానికి నా పరిష్కారం రెండో నకలు, రికవరీ మీద ఆశ పెట్టుకోవడం కాదు. ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి కూడా అదే చెబుతుంది: మూడు నకళ్లు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట. మనం ఇక్కడ ఎస్‌ఎస్‌డీయా, హార్డ్ డిస్కా అని వాదించుకుంటున్నాం గానీ, ఆ "రెండు రకాలు" అన్న మాటలో రెండింటికీ చోటు ఉంది.

ఒక చిన్న సూచన. ఎస్‌ఎస్‌డీని నెలల తరబడి పక్కన పెట్టినప్పుడు కరెంటు తగిలించినంత మాత్రాన సరిపోదు. అందులోని ఫైళ్లన్నీ ఒకసారి చదివించాలి. అప్పుడే లోపాలు పెరుగుతున్న భాగాలను కంట్రోలర్ గుర్తించి, వేరే చోట తిరిగి రాసే అవకాశం ఉంటుంది. చెక్‌సమ్‌ల (ఫైలు మారిందో లేదో తెలిపే లెక్క సంఖ్యల) జాబితా ఒకటి తయారు చేసుకుని దానితో సరిపోల్చితే ఆ చదవడమూ, పరీక్షా ఒకే పనిలో అయిపోతాయి.

ఇనుపపెట్టె:

రెండింటికీ చోటు ఉందన్నది ఒప్పుకుంటాను. కానీ ఒక్కటే కొనగలిగిన మనిషికి ఏది చెప్పాలన్న దగ్గర నా మాట మారలేదు, ఆ ఒక్కటి హార్డ్ డిస్కే కావాలి. మూడు నెలలకొకసారి అన్నీ చదివించి సరిచూసే ఓపిక ఎంతమందికి ఉంటుంది?

తాళపత్రం:

అందరికీ కృతజ్ఞతలు. ఇనుపపెట్టె గారు చెప్పినట్లు నిన్న రాత్రే ఉత్తరాల స్కాన్‌లు, తరువాత ఫోటోలు, చివరికి వీడియోలు ల్యాప్‌టాప్‌లోకి తీసుకున్నాను. ఉత్తరాలు, ఫోటోలు అన్నీ వచ్చాయి. వీడియోల దగ్గరకు వచ్చేసరికి శబ్దం ఎక్కువై, మూడు ఫైళ్లు చదవలేకపోయింది.

వారం వారం తగిలించే నకలుకు టీఎల్‌సీ రకం 1 టీబీ సాటా (కంప్యూటర్ లోపల బిగించే ఒక రకం) ఎస్‌ఎస్‌డీని, బయటి నుంచి తగిలించేందుకు యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌తో (పెట్టెతో) కలిపి ఎంచుకున్నాను. అది రాగానే అడవిమల్లె గారు చెప్పిన పరీక్ష చేస్తాను. మా అన్నయ్య ఇంట్లో ఉంచే నకలుకు కొత్త హార్డ్ డిస్క్ కొనడానికి రెండు నెలలు ఆగాలి, అప్పటివరకు ల్యాప్‌టాప్‌లోని నకలును చెరపను. చదవలేకపోయిన మూడు వీడియోలలో రెండు మా చెల్లెలి పాత ఫోన్‌లో దొరికాయి. మూడోది ఎవరి దగ్గరైనా ఉందేమో బంధువులను అడుగుతున్నాను.