మంచు ‘పెరిగినపుడా’, ‘కరిగినపుడా’?

శంక: సముద్రపు గుల్లల్లోని ఆక్సిజన్‌ను బట్టి పాతకాలపు కడలి వేడిమి చెప్పే ఒక ఆటవెలది సగమే గుర్తుంది, సగం వేధిస్తోంది.
కడలి చల్లనైన గవ్వకు బరువెక్కు
మంచు –రిగినపుడు మరియు నెక్కు
ఆ గీత దగ్గర ‘పె’నా, ‘క’నా? తర్వాతి రెండు పాదాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

గురులఘువు: ఛందస్సు సాయం చేయదండీ. ‘పెరిగి’, ‘కరిగి’ రెండూ మూడు లఘువుల నగణాలే. యతి మం–మ, దానికీ ఈ అక్షరంతో పని లేదు.

అడుగుమట్టి: అయితే సముద్రాన్నే అడగాలి. ‘పె’ తప్ప ఇంకోటి కుదరదు. పద్యంలో ‘బరువు’ అంటే బరువైన ఆక్సిజన్-18, నీరు చల్లబడితే గుల్లలో దాని వాటా పెరుగుతుంది. ఇక ఆవిరిలోకి తేలిక ఆక్సిజన్-16 ఎక్కువగా లేస్తుంది. అది మంచై ధ్రువాల మీద ఉండిపోతే, మిగిలిన కడలిలో ఆక్సిజన్-18 వాటా పెరుగుతుంది. గత మహా హిమదశలో సముద్రమట్టం సుమారు 120 మీటర్లు దిగింది, నీటి విలువ, అంటే ఆక్సిజన్-18 వాటా కొలత, దాదాపు వెయ్యికి 1 పెరిగింది. ఆ మంచు సంగతి మరిచి గుల్లను చదివితే కడలి ఉన్నదానికంటే 4 డిగ్రీలకు పైగా చల్లగా కనిపిస్తుంది. ఒక్క అక్షరానికి 4 డిగ్రీలు!

పాతపాఠం: నేనెరిగిన పాఠం వేరు: ‘మంచు కరిగినపుడు మరల తగ్గు’. గణాలు సరి, యతి సరి, శాస్త్రమూ సరే. అప్పుడు ‘క’కు వచ్చిన లోటేమిటి?

అడుగుమట్టి: లోటు లేదు, పస లేదు. ‘మరియు నెక్కు’లోనే అసలు తగాదా అంతా ఉంది. ఇది ఇద్దరు శాస్త్రవేత్తల వాదన: మొదటి పాదం ఎమిలియానీ, రెండోది షాకిల్‌టన్. 1955లో ఎమిలియానీ గుల్లల్లోని ఊగిసలాటలో ఎక్కువ భాగం వేడిమిదే అన్నాడు, మంచుకు వెయ్యికి 0.4 మాత్రమే విదిలించాడు. 1967లో షాకిల్‌టన్ సముద్రపు అడుగున బతికే ఫోరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లలు చూపించాడు. అడుగు నీరు ఇప్పటికే గడ్డకట్టే చలికి దగ్గర, ఇంకెంత చల్లబడుతుంది? అయినా పైనీటి గుల్లల్లో ఉన్నంత ఊగిసలాట అక్కడా ఉంది. కాబట్టి పెద్ద వాటా మంచుదే.

గురులఘువు: శాస్త్రం సరే, ‘గవ్వ’ ఎందుకు? ఫోరాములు ఏకకణ జీవులు, వాటిది గుల్ల. కవి యతి కోసం లొంగిపోయాడు. ‘కడలి’ అని మొదలెట్టాక ‘గుల్ల’ అంటే క–గు, స్వరం చెడుతుంది. నా అనుమానం, మూలం ఇలా ఉండాలి: ‘కొంత చల్లబడిన గుల్లకు బరువెక్కు’. కొ–గు యతి నిక్షేపంలా చెల్లుతుంది. ఉకారానికి ఒకారానికి మైత్రి ఉందనడానికి వేమన ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు’ చాలు.

పాతపాఠం: వేమనను తెచ్చారు, సంతోషం. కానీ ‘గవ్వ’ను తోసేయకండి. ఆక్సిజన్‌తో వేడి చెప్పే తొలి ఉష్ణమాపకం కట్టిందే నత్తలు, ఆలిచిప్పల వంటి మెత్తని జీవుల పెంకులతో. తొట్టెల్లో వేడి స్థిరంగా ఉంచి, పెంకుకు గాటు పెట్టి, జీవి కొత్తగా అతికించుకున్న ముక్కను కొలిచారు. ప్రమాణంగా పెట్టుకున్నది అమెరికాలోని పీడీ రాతిపొరలో దొరికిన బెలెమ్నైట్ అనే శిలాజం, అదీ ఆ జాతిదే. అది అయిపోయాక ఇప్పుడు దాని స్థానంలో వియన్నా పేరిట పెట్టుకున్న ప్రమాణం.

అడుగుమట్టి: ప్రమాణాల మాట వచ్చింది కనుక, చాలామంది కాలుజారే చోటు ఇదే. గుల్లది ఒక ప్రమాణం, నీటిది ఇంకొకటి. నీటి విలువలోంచి 0.27 తీసేసి గుల్ల ప్రమాణానికి తేవాలి. ఆ తర్వాతే గుల్ల విలువలోంచి నీటి విలువ తీసేయడం. ఆ తేడాకు 4.2 రెట్లు 16.9లోంచి తీసేసి, తేడా వర్గానికి 0.13 రెట్లు కలిపితే డిగ్రీలు. 0.27 మరిస్తే జవాబు 1.1 డిగ్రీలు వెచ్చగా వస్తుంది.

శంక: పె? క?

బండిఱ: ఇద్దరూ ‘మంచు’ను తప్పుగా పట్టుకున్నారు. అది ధ్రువాల మంచు కాదు, గుల్ల మీది మంచు. సూక్ష్మదర్శిని కింద గాజులా మెరిసే గుల్ల ఒకటి, మంచు పట్టినట్టు తెల్లగా మసకబారింది ఒకటి. రెండోది అడుగుమట్టిలో పడి తిరిగి స్ఫటికమైనది. పైన వెచ్చని నీట పుట్టినా, అడుగు చలిలో కొత్త కాల్సైట్ (గుల్ల కట్టే సున్నపు ఖనిజం) చేరి ఆక్సిజన్-18 పెరుగుతుంది. ‘మంచు పెరిగినపుడు మరియు నెక్కు’, అక్షరాలా! ఉష్ణమండల సముద్రాలు ప్రాచీన వెచ్చని యుగాల్లో చల్లగా ఉన్నాయని చాలాకాలం అనిపించింది ఈ మసక గుల్లల వల్లే. టాంజానియా బంకమట్టిలో గాజు గుల్లలు దొరికి 2001లో లెక్క మారింది. ఇంతకీ ఉప్పూ కప్పురమూ అంటే ఇవే.

గురులఘువు: శ్లేష అంటారా! బాగుంది కానీ, కవికి అంత తెలుసా?

పాతపాఠం: మిగతా పాదాలు ఇవని విన్నాను:
రెండు చిక్కు లొక్క రీతిగా కలిసెను
వేరు చేయు దారి వెదకు మయ్య

గురులఘువు: ‘వెదకు మయ్య’లో మీ చేతివాటం కనిపిస్తోంది. సరే, రె–రీ యతి కుదిరింది కనుక వదిలేస్తున్నా.

అడుగుమట్టి: దారి ఉంది, అదే గుల్లలో మెగ్నీషియం–కాల్షియం నిష్పత్తి. డిగ్రీకి సుమారు 9 శాతం పెరుగుతుంది. వేడిమి దాన్నుంచి తీసి, ఆక్సిజన్ విలువలోంచి ఆ వాటా తీసేస్తే మిగిలేది నీటిది. అయితే శుభ్రం చేయడంలోనే ప్రాణం పోతుంది. ఒకే జాతివి, ఒకే జల్లెడ పరిమాణంవి 20–30 గుల్లలు. రెండు గాజుపలకల మధ్య గదులు తెరుచుకునేంతే నొక్కాలి. పిండైతే కడుగుడు నీళ్లతోనే పోతుంది. శుద్ధజలం, మిథనాల్, అల్ట్రాసౌండ్ తొట్టె. బంకమట్టి తేలి ఉండగానే నీళ్లు వంపేయాలి, కిందికి దిగనిస్తే మళ్లీ మొదటికే. తర్వాత క్షారం కలిపిన హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో వేడిచేస్తే సేంద్రియ పదార్థం పోతుంది. చివర అతి పలచని నైట్రిక్ ఆమ్లంతో అర నిమిషం, అంతకు మించితే గుల్లే కరిగిపోతుంది. కొలతలో ఇనుము, అల్యూమినియం కూడా చూడాలి. ఇనుము–మెగ్నీషియం నిష్పత్తి 0.1 దాటితే మట్టి ఇంకా ఉన్నట్టే, ఆ అంకె వాడకూడదు.

బండిఱ: ఇక్కడ పెద్దన ప్రవరుడు గుర్తురావాలి. మంచునీటికి పాదలేపం కరిగితే తిరిగొచ్చే దారి పోయింది. గుల్లకూ అంతే. లోతు సముద్రంలో సున్నాన్ని తినే నీరు మెగ్నీషియం ఎక్కువున్న భాగాన్నే ముందు కరిగిస్తుంది. చల్లని అంకె మిగులుతుంది, అది చలి కాదు.

పాతపాఠం: ప్రవరుడు వస్తే ‘కరిగి’ అన్న నా పాఠానికి బలం చేకూరినట్టేగా!

శంక: అయితే ‘క’ అన్నమాట?

బండిఱ: అదలా ఉంచండి. అందరూ ‘మరియు’ అని మామూలు ‘ర’తో రాస్తున్నారేమిటి? పద్యంలో అది ‘మఱియు’. ‘ఇంకా’ అని అర్థం. వార్తల్లో రెండు పేర్ల మధ్య ఇరికించే ‘మరియు’ కాదు.

గురులఘువు: ఱకారం పెట్టినా గణం మారదు.

బండిఱ: గణం కోసం ఎవరడిగారండీ!