సమస్యాపూరణం: కాగితము మామ్మ కుండపైఁ గాల్చి పెట్టె

నిర్వహణ: వచ్చినవాళ్ళ కాళ్ళకి నీళ్ళిచ్చి, పీట వాల్చి, చేతిలో ఏదో ఒకటి పెట్టందే గడప దాటనివ్వని మామ్మని తలుచుకుంటూ ఈ వారం తేటగీతి పాదం. ఇదే నాలుగో పాదంగా, పై మూడూ మీరు కట్టి పద్యం పూరించాలి:

కాగితము మామ్మ కుండపైఁ గాల్చి పెట్టె

కాగి – తముమామ్మ – కుండపై – గాల్చి – పెట్టె. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు (గణమంటే గురులఘువుల గుంపు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి, ఇక్కడ కా–గా. పాదాల రెండో అక్షరాలు కలవాలన్న ప్రాస నియమం లేదు, యతికి బదులు ప్రాసయతి చెల్లుతుంది. పాదంలో అక్షరం మార్చకూడదు. పదాల విరుపు మీ ఇష్టం.

రాజోలు నుంచి:

నానఁబెట్టిన బియ్యము నలుగ రుబ్బి
పాలవలె జారు పిండిలో బట్ట ముంచి
కొబ్బరాకుల సెగమీఁదఁ గూరుచుండి
కాగితము మామ్మ కుండపైఁ గాల్చి పెట్టె

నిర్వహణ: కాగితాన్ని పూతరేకు చేశారు. గణాలూ యతులూ శుభ్రంగా ఉన్నాయి. కానీ మాస్టారూ, మామ్మని మంట మీద కూర్చోబెట్టేశారు! ‘సెగచెంత’ అనండి, గణం చెడదు. ‘కొబ్బరాకు’ వ్యవహారంలో ఉన్న మాటే కాబట్టి సంధి జోలికి పోను.

ఆత్రేయపురం నుంచి: సవరణ సరే. నాకు నచ్చింది మొదటి రెండు పాదాలు. ‘నలుగ రుబ్బి’ అన్నదగ్గరే సగం పని ఉంది. పిండిని వేళ్ళ మధ్య రాస్తే పలుకు తగలకూడదు, పలుకు పడ్డచోటే రేకు చిరుగుతుంది. మా వైపు జయ రకం బియ్యం వాడతారు. పిండి పాలకన్నా చిక్కనైతే రేకు మందంగా వచ్చి మడత దగ్గర విరుగుతుంది. మరీ నీళ్ళైపోతే చిల్లులు పడి, తీస్తుంటేనే తెగిపోతుంది.

కుండ సంగతి పద్యంలో చెప్పలేదు, చోటూ లేదు. గుండ్రటి అడుగున్న కుండని పొయ్యి మీద బోర్లిస్తారు. పక్కనుంచి ఎండు కొబ్బరాకు ఎగదోస్తారు. ఆకు గుప్పున అంటుకుని చప్పున ఆరుతుంది కాబట్టి సెగ మన చేతిలో ఉంటుంది. కట్టె పెడితే నిప్పు నిలిచిపోయి కుండ మాడుతుంది. పిండి పట్టేయకుండా ముందు కుండకి కాస్త నూనె రాసి తుడుస్తారు. వేడి చాలకపోతే పిండి అతుక్కుని ముద్దవుతుంది, ఎక్కువైతే చుయ్‌మని బుడగలొచ్చి రేకంతా కన్నాలే. వేడి సరిగ్గా ఉంటే బట్ట లాగిన మరుక్షణమే అంచు దానంతటదే లేస్తుంది. తడిబట్టని రెండు కొసలూ పట్టుకుని ఒక్క ఊపున లాగాలి. మధ్యలో చెయ్యి ఆగితే అక్కడ గీత పడుతుంది.

తణుకు నుంచి: నా మూడో పాదం:

అతిథి దేవుళ్ళ కన్నపూర్ణమ్మ తల్లి

నిర్వహణ: గణాలు కుదిరాయి, యతి పోయింది. నాలుగో గణం ‘ర్ణ’తో మొదలైంది, మొదట్లో ‘అ’ ఉంది. పైగా ‘దేవుళ్ళకన్న’ అని విరిగి వేరే అర్థం వస్తోంది. ‘అతిథులకుఁ దల్లి మామ్మయే యన్నపూర్ణ’ అంటే యతి నిలుస్తుంది. కాకపోతే ఈ పాదం ఏ ఊరి మామ్మకైనా సరిపోతుందండీ. ఆవిడ చేతిపని ఒక్కటి చెప్పండి చాలు, అన్నపూర్ణ అని మనం అననక్కర్లేదు.

పాలకొల్లు నుంచి: పూతరేకు కాకుండా అప్పుపత్రంతో ప్రయత్నించాను.

అప్పుఁ దీర్పఁగ లేనట్టి యతిథి రాఁగఁ
పెట్టె లోపలి నోటును వెలికిఁ దీసి
యెసరు మరిగెడి వేళలో నెదుట నిలిచి
కాగితము మామ్మ కుండపైఁ గాల్చి పెట్టె

నిర్వహణ: భలే! ఈ వారం ఊహ అంటే ఇదీ. ఒక్క చిన్న మాట: ‘రాఁగఁ’ తర్వాత ‘బెట్టె’ కావాలి. లేదా అరసున్న తీసేసి ‘రాఁగ’ దగ్గర విరవండి. యతికి రెండూ చెల్లుతాయి.

రాజోలు నుంచి: ఊహ బాగుంది గానీ, ఎసరు మరుగుతున్న కుండ మీద కాగితం కాలిస్తే మసంతా అన్నంలోనే కదండీ. పొయ్యిలో పడేస్తే పోయేది. అసలు ప్రామిసరీ నోటుకి కాలపరిమితి 3 ఏళ్ళు. మధ్యలో కొంత ముట్టినట్టు జమ వేయించకుండా ఊరుకున్నా మామ్మ పని అయిపోయేది.

పాలకొల్లు నుంచి: ఊరుకుంటే అతిథి చూడడుగా! ఎదురుగా కాల్చడమే మర్యాద.

ముమ్మిడివరం నుంచి: మొదటి రెండు పాదాలు ఎవరైనా వెయ్యండి. నా విరుపు ఇది:

చుట్టములు వచ్చి కూర్చుండఁ జూచి, పాలు
కాగి, తము మామ్మ కుండపైఁ గాల్చి పెట్టె

నిర్వహణ: విరుపు తమాషాగా ఉంది కానీ వ్యాకరణం ఒప్పుకోదు. కాగింది పాలు, పెట్టింది మామ్మ. క్త్వార్థకానికీ (‘కాగి’ లాంటి అసమాపక క్రియకీ) ప్రధాన క్రియకీ కర్త ఒకరే ఉండాలి. ‘తము’ కూడా పొసగదు, ‘తమకు’ పెట్టాలి.

ఆత్రేయపురం నుంచి: నా పూరణ:

తడిసి తడియని గుడ్డతోఁ దట్టి, పిదప
నేయి చక్కెర యేలకి నింపి మడిచి
వచ్చువారికి లేదన్న పలుకు లేక
కాగితము మామ్మ కుండపైఁ గాల్చి పెట్టె

రాజోలు నుంచి: మీ ఊరివాళ్ళే ఇలా రాస్తే ఎలాగండీ! మడిచాక కుండ మీద కాల్చారా? వరసంతా తిరగబడింది.

నిర్వహణ: నిజమే, క్రమభంగం. మూడో పాదాన్ని పైకి తెచ్చి, ‘మడిచి’ని ‘మడుచు’ చేస్తే అది కాగితానికి విశేషణమై కూర్చుంటుంది:

వచ్చువారికి లేదన్న పలుకు లేక
తడిసి తడియని గుడ్డతోఁ దట్టి, పిదప
నేయి చక్కెర యేలకి నింపి మడుచు
కాగితము మామ్మ కుండపైఁ గాల్చి పెట్టె

గోదావరి మామ్మ పంచదార అంటుంది గానీ చక్కెర అనదు. ఏం చేస్తాం, అక్కడ పంచదార గణానికి లొంగడం లేదు.

తణుకు నుంచి: ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఊరి పేరు పెట్టొచ్చుగా?

నిర్వహణ: ‘ఆత్రేయ’ త గణం, అంటే ఇంద్రగణాల్లో ఒకటి. పాదం మొదట్లో సూర్యగణం ఉండాలి కాబట్టి అక్కడ పట్టదు. రెండో గణంగా వేసి ‘పురములో’ అని మూడోది కలపండి, పడుతుంది.

ముమ్మిడివరం నుంచి: ‘తడిసి తడియని’ అంటే ఎంత తడండీ?

ఆత్రేయపురం నుంచి: గట్టిగా పిండితే చుక్క రాలకూడదు. రేకు పొడిగా ఉంటే మడవగానే పొడైపోతుంది, ఎక్కువ తడిస్తే వేలికి అంటుకుని చిరుగుతుంది. చుట్టకి రెండు మూడు రేకులు పరిచి ముందు కాచిన నెయ్యి, తర్వాత జల్లించిన పంచదార పొడి. పొడిలో పలుకులుంటే పైరేకుని పొడుస్తాయి. బెల్లమైతే తురుము పొడిపొడిగా ఉండాలి. చెమ్మ ఉంటే రేకు మెత్తబడిపోతుంది.