తమ్ముణ్ని డాక్టర్ దగ్గరికి ఏమని చెప్పి తీసుకెళ్లాలి?

మాది నల్గొండ దగ్గర ఊరు. తమ్ముడికి 17 ఏళ్లు, ఇంటర్ సెకండియర్. దసరా సెలవులకి హాస్టల్ నుంచి వచ్చినవాడు మళ్లీ వెళ్లలేదు. రాత్రంతా మేలుకుని తెల్లారాక పడుకుంటాడు. స్నానం చేసి ఎన్ని రోజులైందో. మొన్న వాడికిష్టమని కోడిగుడ్డు పులుసు వండి గదిలో పెట్టాను. పొద్దున చూస్తే అన్నం ఎండిపోయి, చీమలు పట్టి అలాగే ఉంది. కిటికీకి దుప్పటి కట్టుకున్నాడు. ఎందుకురా అంటే "పక్కింటోళ్లు నా గురించే మాట్లాడుకుంటున్నరక్కా" అంటాడు. పక్కిల్లు ఆర్నెల్లుగా తాళమేసి ఉంది.

అమ్మ దిష్టి తీసింది, ఇప్పుడు దర్గాకి పోదామంటోంది. (పోదాం, నేను వద్దనట్లేదు. డాక్టర్‌కి కూడా చూపిద్దామంటున్నా, అంతే.) నాన్నేమో "ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి పేరెత్తితే ఊరుకోను, రేపు వీడికి పిల్లనెవరిస్తరు" అని కేకలేస్తున్నాడు.

నేనే 14416కి, అంటే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. ఫ్రీయే, తెలుగులోనే మాట్లాడారు. చచ్చిపోతానని ఎప్పుడైనా అన్నాడా అని అడిగారు. లేదన్నాను. ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టుకి చూపించండి, మొదట్లోనే పట్టుకుంటే కోలుకోవడం తేలిక అన్నారు. వీడు గడప దాటితే కదా!

ఇలాంటివి మీ ఇళ్లలో చూసినవాళ్లుంటే చెప్పండి. మొదటిసారి ఏమని చెప్పి తీసుకెళ్లారు? నిద్ర కోసమని చెబితే, తర్వాత మమ్మల్ని నమ్మడం మానేస్తాడా? వాడు లేకుండా ముందు మేమే వెళ్తే డాక్టర్ మాట్లాడతారా? మా నాన్నలాంటివాళ్లు ఎవరు చెబితే విన్నారు?